పైపైన చల్లిన జాజ్

మూర్ఖపు పనులు చేసినవాళ్ళకి మామూలుగా ఒక వెసులుబాటు ఉంటుంది. నాలుగేళ్ళు పోతే ఎవరికీ గుర్తుండవు. గుర్తున్నవాళ్ళు కూడా అసలేం జరిగిందో సరిగ్గా చెప్పలేరు. నాకా అదృష్టం లేదు. నా తెలివితక్కువతనం స్వరలిపిలో ఉంది. అచ్చయి, స్పైరల్ బైండింగ్ చేయించుకుని బీరువాలో ఉంది. ఎక్కడ ఏం వెలగబెట్టానో బార్ నంబరుతో సహా చూపించొచ్చు.

రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో, డబుల్ బేస్, డ్రమ్స్. ఈ ఆరుగురి కోసం రాసిన ఆ రచన పేరు ‘సంగమం’. అమెరికాలో ఉన్న మనవాళ్ళెవరైనా రెండు రకాల సంగీతాలు కలిపితే దానికి ‘సంగమం’ అనో ‘సమ్మేళనం’ అనో పేరు పెట్టి తీరాలని ఎక్కడో శాసనం ఉన్నట్టుంది. నేను కలపబోయిన రెండింట్లో ఏదీ మన సంగీతం కాదు. అయినా పేరు మాత్రం మనదే. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఛాంబర్ మ్యూజిక్ అని ఒకటుంది. కండక్టరు ఉండడు. ఒక్కో వరసకి ఒక్కరు చొప్పున కొద్దిమంది కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయిస్తారు. దానికి జాజ్‌ని జోడించాలన్నది నా ఆశయం. ఆశయాలకేం, అవెప్పుడూ బాగానే ఉంటాయి.

పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. ఇంట్లో అమ్మ కర్ణాటక సంగీతం పాడేది. నన్ను మాత్రం వీధి చివర ఉండే ఆంగ్లో ఇండియన్ టీచరుగారి దగ్గర పియానోలో వేశారు. లండన్ ట్రినిటీ వాళ్ళ గ్రేడు పరీక్షలు ఒక్కొక్కటే గట్టెక్కుతూ, వంటింట్లోంచి వచ్చే తోడి, కల్యాణి వింటూ, సంగీతమంటే నాకు తెలియంది లేదన్న భ్రమలో పెద్దవాణ్ణయ్యాను. ఆ పైన ఇంజనీరింగు, బోస్టన్‌లో ఉద్యోగం, ముప్పై దాటాక ఒక సాయంత్రపు కోర్సులో కంపోజిషన్ చదువు. అక్కడ జాజ్ అంటుకుంది. వయసు ముదిరాక అంటుకున్న జబ్బు కదా, గట్టిగానే పట్టుకుంది.

ముందుగా తగిలినవాడు క్లాడ్ బోలింగ్ అనే ఫ్రెంచి పియానిస్టు. ఫ్లూట్ విద్వాంసుడు జాన్ పియేర్ రాంపాల్ కోసం ఆయన రాసిన ‘సూట్ ఫర్ ఫ్లూట్ అండ్ జాజ్ పియానో ట్రియో’ 1975లో రికార్డుగా వచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ క్లాసికల్ పట్టికలో 530 వారాలు ఉంది. అంటే పదేళ్ళ పైమాటే. ఆ సంఖ్య చూసి నోరు తెరిచాను. రికార్డు విన్నాక మాత్రం ‘ఓస్, ఇంతేనా’ అనుకున్నాను. మొదటి భాగం ‘బరోక్ అండ్ బ్లూ’లో ఫ్లూట్ బాఖ్ కాలపు మర్యాదలతో పలుకుతుంది. పియానో, బేస్, డ్రమ్స్ అందుకుని స్వింగ్ చేస్తాయి. మళ్ళీ ఫ్లూట్ వస్తుంది. ఇందులో ఏముంది, ఎవరైనా రాయొచ్చు!

బోలింగ్ పడ్డ జాగ్రత్త నా కంటికి ఆనలేదు. రాంపాల్‌ని ఆయన ఆశువుగా ఏదీ వాయించమనలేదు. ఫ్లూట్ భాగం కాగితం మీద రాసి ఉంది, అదీ చాలావరకు రాంపాల్ జీవితమంతా వాయించిన పలుకుబడిలోనే ఉంది. స్వింగ్ చేసే పూచీ ఆ పని తెలిసిన ముగ్గురిది. ఎవరికొచ్చిన పని వాళ్ళకి అప్పగించాడు. నేను ఎవరికి రాని పని వాళ్ళకి ఏరి ఏరి అప్పగించాను.

తర్వాత ఫ్రెంచి స్వరకర్త రావెల్. 1923 నుంచి 1927 దాకా రాసుకొచ్చిన వయొలిన్ సొనాటాలో రెండో భాగం పేరే ‘బ్లూస్’. 1927 మేలో పారిస్‌లో దాని తొలి కచేరీ. వయొలిన్ జార్జ్ ఎనెస్కో, పియానో రావెలే. ఆ భాగం మొదట్లో వయొలిన్‌కి కమానుతో పని లేదు. తీగల్ని వేళ్ళతో మీటాలి, బాంజోలా. వయొలిన్ జి మేజర్‌లో ఉంటే, పియానో అరస్వరం పైన ఎ ఫ్లాట్‌లో వచ్చి దిగుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నడుస్తాయి. మరుసటి ఏడాది అమెరికా వెళ్ళినప్పుడు ఆయన ఒక ఉపన్యాసంలో తేల్చి చెప్పాడు: మీ బ్లూస్ రూపాన్ని తీసుకున్నమాట నిజమే గానీ, నేను రాసింది ఫ్రెంచి సంగీతం, రావెల్ సంగీతం అని. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆ పుటల్లోంచి నేను ఏరుకున్నది ఏమిటయ్యా అంటే: మూడో స్వరం కాస్త దించు, ఏడో స్వరం కాస్త దించు, తీగలు మీటించు, అక్కడక్కడ ఒక జారు వెయ్యి, బ్లూస్ తయారు. తయారైంది రావెల్ లాగానూ లేదు, బ్లూస్ లాగానూ లేదు.

పోనీ భయమన్నా ఉండాలి కదా. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ పుణ్యమా అని అదీ పోయింది. 1918లో ఆయన ‘సైనికుడి కథ’ రాశాడు. ఏడు వాద్యాలు, అందులో ఒక ర్యాగ్‌టైమ్. అప్పటికి ఆయనకి ఆ అమెరికా సంగీతం తెలిసింది ముఖ్యంగా కాగితాల మీదే. కండక్టరు అన్సెర్మే అమెరికా నుంచి పట్టుకొచ్చి ఇచ్చిన అచ్చు స్వరలిపి చూసి రాశాడు. ‘వినకుండానే ఆయన రాస్తే, రోజూ ఆఫీసుకి వెళ్తూ కార్లో జాజ్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్‌ని వింటున్న నేను రాయకూడదా?’ అన్నది నా తర్కం. ఒరే నాయనా, ఆయన జాజ్ రాస్తున్నానని ఎవరితోనైనా అన్నాడా? కాగితం మీద కనబడిన లయ వంకర్లని పట్టుకుని, తన పద్ధతిలో వాటిని ఇంకో నాలుగు వంకర్లు తిప్పాడు. ఆయనకి తన పద్ధతంటూ ఒకటుంది. నీకేముందిరా, కారూ స్పీకర్లూ తప్ప? ఈ ప్రశ్న అప్పుడు అడిగే నాథుడు లేకపోయాడు.

ఆ ధైర్యంతో మొదలుపెట్టాను. మొదటి భాగం ఫ్యూగ్. ఒక గొంతు ఎత్తుకున్న వరసని రెండోది, మూడోది, నాలుగోది అందుకుంటూ ఒకదాని మీద ఒకటి అల్లుకుపోయే రూపం అది. బాఖ్ చేతిలో శిఖరానికి చేరింది. నాది స్వింగ్ చేసే ఫ్యూగ్. ఆ వరసని మొదట డబుల్ బేస్ ఎత్తుకుంటుంది. లోకంలో ఎవరికీ తట్టని ఆలోచన అనుకుని మురిసిపోయాను. డబుల్ బేస్ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో స్వింగ్‌కి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే యంత్రం మన ఎయిత్ నోట్లని, అంటే అరబీటు స్వరాల్ని, పొడుగు పొట్టిగా మార్చి వినిపిస్తుంది. ఆ యంత్రంలో వియోలా అలిసిపోదు. చెల్లో ‘ఇదెలా వాయించను?’ అనదు. డ్రమ్స్ ఎంత బాదినా వయొలిన్ వినబడుతూనే ఉంటుంది, తెర మీద ఒక గీత కిందికి లాగితే సరి. రాత్రిళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నా రచన నేనే విని, దాచుకోవడం దేనికి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

రిహార్సల్ ఒక చర్చి బేస్‌మెంట్‌లో. సంగీత కళాశాలలో చదువు ముగించిన నలుగురు యువతీయువకుల క్వార్టెట్, జాజ్ క్లబ్బుల్లో వాయించే ఒక బేస్ ఆయన, ఒక డ్రమ్మరు. డబ్బులు నా జేబులోవే.

స్వింగ్ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పక తప్పదు. ఒక బీటుని రెండు ముక్కలు చేస్తే శాస్త్రీయ సంగీతంలో రెండూ సమానం. జాజ్‌లో మొదటిది పొడుగు, రెండోది పొట్టి. పాఠ్యపుస్తకాలు దీన్ని మూడులో రెండు వంతులు, ఒక వంతు అని చెప్పి ఊరుకుంటాయి. మన లెక్కలో తిశ్రంలో రెండు, ఒకటి. నేను ఆ మాట నమ్మి, నాలుగు తంత్రీ వాద్యాలకీ బార్ బార్‌కీ ట్రిప్లెట్లు విప్పి రాసిపెట్టాను. అసలు వాయించేవాళ్ళు ఆ నిష్పత్తిని పట్టుకుని కూర్చోరు. నిదానంగా నడిచేటప్పుడు పొడుగు పొట్టి తేడా బాగా తెలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది, మహా వేగంలో రెండు ముక్కలూ దాదాపు సమానమైపోతాయి. డ్రమ్మరు రైడ్ సింబల్ మీద కొట్టేది ఒక తీరు. దాని మీద సోలో వాయించేవాడు బీటుకి రవ్వంత వెనక వాలేది ఇంకో తీరు. ఆ వెనకబాటులోనే ఉంది రుచంతా. ఇవేవీ ట్రిప్లెట్ గుర్తులో ఇమడవు. అందుకే జాజ్ రాసేవాళ్ళు మామూలు ఎయిత్ నోట్లే రాసి, పైన ‘స్వింగ్’ అని ఒక్క మాట వేసి వదిలేస్తారు. మిగతాది వాయించేవాడు ఏళ్ళ తరబడి విన్న వినికిడి.

మా వాళ్ళు రాసింది రాసినట్టు వాయించారు. పొల్లు పోలేదు. జట్కా గుర్రం సిమెంటు రోడ్డు మీద నడిచినట్టుంది.

ఆపి, “కాస్త స్వింగ్ చెయ్యండి” అన్నాను.

మొదటి వయొలిన్ అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది. “మీరు రాసిన ట్రిప్లెట్ కంటే ఎక్కువ చెయ్యమంటారా, తక్కువ చెయ్యమంటారా?”

నా దగ్గర జవాబు లేదు. “లెక్కలొద్దు, ఫీలవండి” అన్నాను. చేతకాని కంపోజరు ఆఖరి ఆయుధం అది. లెక్కలు రాసిచ్చినవాణ్ణి నేనే.

కమాను సంగతి ఇంకా దారుణం. శాస్త్రీయ శిక్షణ తీసుకున్నవాళ్ళకి బలమైన బీటు రాగానే కమాను కిందికి లాగడం ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. దాంతో బరువు ఒకటి మీద, మూడు మీద పడుతుంది. జాజ్‌లో చప్పట్లు పడేది రెండు మీద, నాలుగు మీద. ఎయిత్ నోట్లయితే బీటుకి బీటుకి నడుమ పడే ఆ రెండో ముక్కని నొక్కి, అదే కమానులో తర్వాతి బీటులోకి జారాలి. ఆ జారుడు ఎక్కడ మొదలవ్వాలో స్లర్ గీత గీసి చూపించడం రచయిత పని. నా స్లర్‌లన్నీ బుద్ధిగా బీటు మీదే మొదలయ్యాయి, మొజార్ట్‌లోలాగా. స్వరాల్లో జాజ్ రాశాను, కమానులో దాన్ని నేనే కొట్టేశాను. వైబ్రాటో అంటారా, అసలు ఆలోచించనే లేదు. నలుగురూ అలవాటు కొద్దీ ప్రతి స్వరాన్నీ మొదట్నుంచీ వణికించారు. జాజ్‌లో ట్రంపెటో శాక్సఫోనో వాయించేవాడు స్వరాన్ని చాలాసేపు నిటారుగా నిలబెట్టి, వదిలేముందు కాస్త కదిలిస్తాడు. నేను కాగితం మీద ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. రాయకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?

డ్రమ్మరు నెమ్మదస్తుడు. మొదటిసారి కర్రలతో వాయించాడు, క్వార్టెట్ వినబడలేదు. బ్రష్‌లు తీసుకున్నాడు, చెల్లో వినబడలేదు. ఆఖరికి హై హ్యాట్ ఒక్కటే కాలితో మూయిస్తూ కూర్చున్నాడు. నెమ్మదిగా సాగే మూడో భాగంలో ఒకచోట అదీ మానేసి బ్రష్‌లు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను నోరు తెరిచేలోగా, “ఇక్కడ నేను లేకపోతేనే బాగుంది కదా?” అన్నాడు. బాగుంది. రచన మొత్తంలో వినదగ్గ చోటు అదొక్కటే. దానికి నేను రాసింది ఏమీ కారణం కాదు, అతను వాయించకపోవడమే కారణం.

అసలు ఘనకార్యం అదే భాగంలో, బార్ 88 నుంచి 103 దాకా ఉంది. చెల్లోకి పదహారు బార్లు ఖాళీగా వదిలాను. పైన ‘స్వేచ్ఛగా, లోపలి నుంచి’ అన్న అర్థం వచ్చేలా ఇటాలియన్‌లో రాశాను. ఇటాలియన్ నాకు రాదు. కింద మిగతా వాద్యాలు ఒకే స్వరాన్ని సాగదీసి పట్టుకుంటాయి. ఏ స్వరాల గుంపు మీద వాయించాలో చెప్పే కార్డు గుర్తులు లేవు. చెల్లో వాయించే అమ్మాయి ఆ శూన్యంలో జాజ్ పుట్టించాలి.

ఐదో ఏట చెల్లో పట్టుకున్న అమ్మాయి. ఎంతటి కష్టమైన పుటనైనా చూసిన మరుక్షణం వాయించేస్తుంది. రాసి లేని స్వరం మాత్రం బతుకులో ఒక్కటి వాయించి ఎరగదు. బార్ 88 వచ్చింది. కమాను ఎత్తింది. ముఖం ఎర్రబడింది. ఖాళీ తీగ ఒకటి మెల్లగా లాగి, బార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. తర్వాతి రిహార్సల్‌కి ఇంటి దగ్గర పెన్సిల్‌తో ఒక సోలో రాసుకొచ్చింది. వాయించింది కూడా. బాగుంది, నేను రాసిన వాటన్నిటి కంటే బాగుంది. నేనేమన్నానో తెలుసా? అందరి ముందూ, “ఇది ఇంప్రొవైజేషన్ కాదుగా” అన్నాను. ఆ అమ్మాయి కాగితం మడిచి చెల్లో పెట్టెలో పెట్టేసింది.

బేస్ ఆయన అప్పుడు కలగజేసుకున్నాడు. “ఫారమ్ ఏమిటి? పన్నెండు బార్ల బ్లూసా, ముప్పైరెండు బార్ల పాటా? కార్డులేవి? ఎక్కడ దిగాలి?”

“ఏమీ లేవు. పూర్తి స్వేచ్ఛ” అన్నాను, దానమిచ్చే మహారాజులాగా.

“అయితే ఆమె ఎక్కడుందో ఆమెకీ తెలీదు, మాకూ తెలీదు” అన్నాడాయన, బేస్ శ్రుతి చూసుకుంటూ.

వీలు చిక్కినప్పుడల్లా వసంతంలో కారేసుకుని క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకి పోవడం నాకు అలవాటు. 1978 నుంచి జరుగుతోందది. అక్కడ కూర్చుని తొడ మీద తాళం వేస్తూ నేను వినేదేమిటి? గాయకుడు కృతి పాడి, ఒక పంక్తి పట్టుకుని కల్పనస్వరాల్లోకి వెళ్తాడు. ఎన్ని ఆవర్తాలు తిరిగినా, ముక్తాయింపు వేసుకుని, సరిగ్గా ఆ పంక్తి ఎత్తుగడ దగ్గర వచ్చి వాలతాడు. వయొలిన్, మృదంగం కూడా అతనితోపాటే వాలతాయి, ఎక్కడ దిగాలో ముగ్గురికీ తెలుసు కాబట్టి. సభంతా ఒక్క పెట్టున తల ఊపుతుంది. జాజ్ వాళ్ళు పన్నెండు బార్లో ముప్పైరెండు బార్లో చక్రంలా తిప్పుతూ దాని మీద అల్లుకునేదీ ఇలాగే. రాసి ఉన్న సంగీతమూ, అప్పటికప్పుడు పుట్టే సంగీతమూ ఒకే పాటలో ఎలా కాపురం చెయ్యాలో నా కళ్ళెదుట జరుగుతుంటే, భేష్ అని తల ఊపి, బోస్టన్ వచ్చి పదహారు ఖాళీ బార్లు రాశాను. చిన్నప్పుడు అమ్మ స్వరకల్పన సాధన చేసేటప్పుడు తాళం వేసి పెట్టింది కూడా నేనే. ఆ తాళం ఎందుకేస్తున్నానో అడిగి ఉండాల్సింది.

ఆ మాటకొస్తే పాశ్చాత్య సంగీతానికి మాత్రం ఆశువు పరాయిదా? బరోక్ కాలంలో కీబోర్డు వాయించేవాడికి కింది వరసా, దాని దగ్గర కొన్ని అంకెలూ ఇచ్చేవారు. వాటిని బట్టి మిగతాది అతనే నింపుకునేవాడు. ఆ అంకెలకీ ఇవాళ జాజ్ పియానిస్టు చూసే కార్డు గుర్తులకీ దగ్గరి చుట్టరికం. మొజార్ట్, బీథోవెన్ వేదిక మీద అప్పటికప్పుడు కల్పించి వాయించడంలో పేరుమోసినవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ అలవాటు కచేరీల్లోంచి క్రమంగా జారిపోయింది. మా చెల్లో అమ్మాయి ఆ తర్వాతి బడిలో చదివిన పిల్ల. ఒక్క గుర్తు కూడా ఇవ్వకుండా ఆమెని నడివీధిలో వదిలేశాను.

ఆశువుగా వాయించడం ఇష్టం లేకపోయినా జాజ్ రాయొచ్చని రుజువు చేసినవాడూ ఉన్నాడు. నికొలాయ్ కపూస్తిన్. 1937లో ఉక్రెయిన్‌లోని హొర్లివ్కాలో పుట్టాడు. మాస్కోలో గోల్డెన్‌వైజర్ దగ్గర పియానో నేర్చాడు. ఒలెగ్ లుండ్‌స్ట్రెమ్ జాజ్ ఆర్కెస్ట్రాలో ఏళ్ళపాటు వాయించాడు. ఆయన సంగీతం వింటే ఎవరో అర్ధరాత్రి క్లబ్బులో చేతికొచ్చినట్టు వాయిస్తున్నారనిపిస్తుంది. తీరా చూస్తే ప్రతి స్వరం కాగితం మీద ఉంటుంది. నేను జాజ్ వాద్యకారుణ్ణి కాను, ఇంప్రొవైజేషన్ మీద నాకు ఆసక్తి లేదు అని ఆయనే చెప్పుకునేవాడు. ఫ్లూట్, చెల్లో, పియానోలకి 1998లో రాసిన ట్రియో (ఓపస్ 86) ఉంది. అందులో చెల్లో వాయించేవాళ్ళు ఏమీ కల్పించనక్కర్లేదు. లయ పట్టుకుంటే చాలు, స్వింగ్ ఆయన రాతలోనే ఉంది. మా అమ్మాయి పెన్సిల్‌తో చేసుకొచ్చింది ఈ పనే.

కచేరీ రోజు వచ్చింది. ప్రోగ్రామ్ నోట్ నేనే రాశాను, రచన కంటే అదే ఎక్కువ శ్రద్ధగా రాశాను. 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ చేసిన ఇళయరాజా దాన్ని త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చాడు కదా. ఆ మాట ఎత్తి, ఆయన ఆగినచోట నేను మొదలుపెడుతున్నాననే ధ్వని వచ్చేలా నాలుగు వాక్యాలు దంచాను. జాజ్‌లో ఫ్యూగ్, అదీ డబుల్ బేస్‌తో మొదలయ్యే ఫ్యూగ్, బహుశా ఇదే మొదటిసారి అని కూడా రాశాను. ‘బహుశా’ అని రాసినందుకు నా వినయానికి నేనే ముచ్చటపడ్డాను.

అయిపోయాక ఒక ముసలాయన దగ్గరికొచ్చి, చెయ్యి కలిపి, “మీకు మియో ‘లా క్రియేసియో దు మోంద్’ అంటే చాలా ఇష్టమనుకుంటాను” అన్నాడు.

“చిన్నప్పట్నుంచీ” అన్నాను. అప్పటిదాకా నేను ఆ పేరు విన్నది పరీక్షలో ఖాళీలు పూరించే ప్రశ్నగా మాత్రమే.

ఇంటికెళ్ళి విన్నాను. ఫ్రెంచి స్వరకర్త డారియస్ మియో 1922లో న్యూయార్క్ వెళ్ళి, హార్లెమ్‌లో జాజ్ విని, పారిస్ తిరిగొచ్చి రాసిన బాలే అది. 1923 అక్టోబరు 25న మొదటిసారి ప్రదర్శించారు. ఆఫ్రికా సృష్టి గాథల మీద కథ బ్లేజ్ సాంద్రార్‌ది, తెరలూ దుస్తులూ ఫెర్నాన్ లెజేవి. చిన్న వాద్యబృందం, అందులో వియోలా లేదు, ఆ చోట్లో ఆల్టో శాక్సఫోన్ ఉంటుంది. పరిచయ సంగీతం అయ్యాక ఒక ఫ్యూగ్ మొదలవుతుంది. జాజ్ ఫ్యూగ్. ఆ వరసని మొట్టమొదట ఎత్తుకునేది డబుల్ బేస్. తర్వాత ట్రాంబోన్, శాక్సఫోన్, ట్రంపెట్. మియో దాన్ని తర్వాత పియానో, స్ట్రింగ్ క్వార్టెట్‌లకి కూడా కుదించి రాశాడు. అంటే ఛాంబర్ మ్యూజిక్ రూపంలో సహా అన్నీ అయిపోయాయి. నేను పుట్టకముందు కాదు, మా తాతయ్య అక్షరాభ్యాసం కాకముందు. ముసలాయన పరిహాసమాడాడా, నిజంగానే మెచ్చుకున్నాడా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ దెబ్బతో కాస్త చదవడం మొదలుపెట్టాను. ఈ రెండు సంగీతాల కలయికకి ‘థర్డ్ స్ట్రీమ్’ అని పేరు పెట్టినవాడు గుంథర్ షూలర్. ఫ్రెంచ్ హార్న్ వాయించేవాడు. మెట్రొపాలిటన్ ఒపేరా ఆర్కెస్ట్రాలోనూ వాయించాడు, మైల్స్ డేవిస్ ‘బర్త్ ఆఫ్ ద కూల్’ రికార్డింగుల్లోనూ వాయించాడు. ఆ పేరు ఆయన నోట వచ్చింది 1957లో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో. బ్రాండైస్ ఉన్నది వాల్తమ్‌లో, అంటే మా బోస్టన్ పొలిమేరలో. తర్వాత ఆయనే 1967 నుంచి పదేళ్ళు బోస్టన్‌లోని న్యూ ఇంగ్లాండ్ కన్సర్వేటరీకి అధ్యక్షుడిగా ఉన్నాడు, థర్డ్ స్ట్రీమ్‌కి అక్కడొక విభాగమే ఏర్పడింది. ఊళ్ళో ఇంత జరిగి ఉంటే, నేను ఆ వీధుల్లోనే కారు పార్కు చేసుకుంటూ, ఎవరూ తొక్కని దారిలో పోతున్నానని ప్రోగ్రామ్ నోట్లు రాసుకుంటున్నాను.

జనం ఈ మాటని అడ్డదిడ్డంగా వాడటం చూసి, థర్డ్ స్ట్రీమ్ ఏవేవి కాదో షూలర్ తర్వాత ఒక పట్టిక రాశాడు. జాజ్‌కి తీగ వాద్యాలు తగిలించడం కాదన్నాడు. నేను చేశాను. బీబాప్ అనే జాజ్ శైలి నడుమ కాస్త రావెల్ ఇరికించడం కాదన్నాడు. చేశాను. జాజ్‌ని ఫ్యూగ్‌లో పొయ్యడం కాదన్నాడు. అదీ చేశాను, మొదటి భాగంలోనే. ఆయన కాదన్నవాటిల్లో నేను చెయ్యనివి వెతుక్కోవాలి. ఛార్జిషీటులో నేరాలన్నీ ఒక్క చేతి మీదుగా నడిచిన కేసు నాది.

మరి చేసినవాళ్ళు ఎలా చేశారు? నాకు బాగా తలవంపులు తెచ్చింది హంగేరీ స్వరకర్త బార్టోక్ ‘కాంట్రాస్ట్స్’. 1938లో జాజ్ క్లారినెట్ రారాజు బెన్నీ గుడ్‌మన్ కోసం, వయొలిన్ విద్వాంసుడు సిగెటి మధ్యవర్తిత్వంతో రాసింది. క్లారినెట్, వయొలిన్, పియానో. అడిగింది రెండు చిన్న భాగాలు, అప్పటి 78 రికార్డుకి చెరో పక్కా సరిపోయేలా. బార్టోక్ మూడు రాశాడు. గుడ్‌మన్ లాంటివాడు దొరికితే నేనైతే పుట పుటకీ ‘స్వింగ్’ అని రాసి చంపేసేవాణ్ణి. బార్టోక్ ఆ జోలికే పోలేదు. సైన్యంలోకి కుర్రాళ్ళని చేర్చుకునేటప్పుడు ఆడే హంగేరీ నాట్యం తీసుకున్నాడు. క్లారినెట్‌కి ఒక విడి సోలో ఇచ్చాడు, ఖాళీగా కాదు, చివరి స్వరం దాకా రాసి. మూడో భాగం మొదట్లో వయొలిన్ వాయించే ఆయన రెండో వయొలిన్ ఒకటి పక్కన పెట్టుకోవాలి. దాని కింది తీగ అరస్వరం పైకి, పై తీగ అరస్వరం కిందికి తప్పు శ్రుతి చేసి ఉంటుంది. పల్లెటూరి ఫిడేలు మోత కోసం అది. కాసేపు దాన్ని రాపాడించి కింద పెట్టి, మామూలు వయొలిన్ అందుకుంటాడు. గుడ్‌మన్ వేళ్ళలోని చురుకు, ఎగతాళి, ఒక్కసారిగా పై స్థాయికి ఎగబాకే ఆ ధీమా అన్నీ అందులో ఉన్నాయి. జాజ్ గుర్తు ఒక్కటి లేదు.

ఇంకో సంగతి. ఆ మొదటి భాగానికి ప్రేరణ రావెల్ ‘బ్లూస్’ అని సిగెటి చెప్పాడు. నేను చదివిన ఆ పుటల్నే బార్టోక్ కూడా చదివాడన్నమాట. ఆయన తన ఊరి నాట్యం దగ్గరికి వెళ్ళాడు. నేను మూడో స్వరం దించే దగ్గర ఆగిపోయాను.

పోయినేడు ఆ చెల్లో అమ్మాయికి ఉత్తరం రాశాను. క్షమించమని, ఆ పెన్సిల్ సోలో ఇంకా ఉంటే పంపమని, ఆమె పేరుతోనే రచనలో పెట్టుకుంటానని. వెంటనే జవాబిచ్చింది. ఆ కాగితం ఆ రోజే పారేశానని, అందులో ఏం రాశానో గుర్తు లేదని, తనిప్పుడు బ్లూస్ నేర్చుకుంటున్నానని రాసింది. ఎవరి దగ్గరని అడిగితే, మా బేస్ ఆయన దగ్గరట.

‘సంగమం’లో ఇప్పుడు మిగిలింది ఒక్క భాగమే. డ్రమ్స్ తీసేశాను, ఫ్యూగ్ తీసేశాను, ఇటాలియన్ తీసేశాను. దాని స్కోరు కావాలని మాత్రం ఎవరూ నాకు రాయకండి, పంపను. బార్టోక్ తనే పియానో దగ్గర కూర్చుని, గుడ్‌మన్, సిగెటిలతో 1940లో చేసిన ‘కాంట్రాస్ట్స్’ రికార్డింగ్ తేలిగ్గా దొరుకుతుంది. ఇరవై నిమిషాలు కూడా పట్టదు. అది వినండి.